నొప్పి ఎన్ని మూరలు

ఆ ఏడు మా ఊళ్ళో మిడతలు పట్టి వేయించుకు తినే కాలం ముగుస్తూనే ఎన్నికల కాలం మొదలైంది. ఇరవయ్యేళ్ళుగా పార్టీల ఊసే ఎత్తనివ్వని ప్రభుత్వం ఉన్నట్టుండి, సరే, ఎవరి జెండా వాళ్ళు ఎగరేసుకోండి అంది. వారం తిరక్కుండా సెకిట్టో కొట్టు గోడ నిండా కాయితాలు అంటించేశారు. సెకిట్టోకి ఏ పార్టీ మీదా ప్రేమా లేదు, పగా లేదు. జిగురు తెచ్చుకున్న ప్రతివాడికీ గోడ మీద జాగా ఇచ్చాడు. వాటిలో అన్నిటికన్నా పెద్దది, అయిదు వేళ్ళూ చాపిన అరచెయ్యి బొమ్మ.

సరిగ్గా అదే వారం నర్సు ఆయుగి మోటారుసైకిలు మీద మా ఇంటికి మొదటిసారి వచ్చింది. ఈ రెండూ ఒకే వారంలో జరక్కపోయి ఉంటే మా అమ్మ రెండు నెలల ముందే కంటినిండా నిద్రపోయేది.

మా అమ్మ పేరు గౌదెన్సియా. అప్పటికి డెబ్బై రెండేళ్ళు. మూడేళ్ళ కిందట కంపాలాలో రొమ్ము తీసేశారు. గండం గడిచింది అనుకున్నాం. ఆ ఏడు వానల్లో జబ్బు వెన్నులోకి దిగింది. కోసి తీసేది కాదు, అలాగని రేపే ప్రాణం తీసేదీ కాదు, ఎన్నాళ్ళున్నా నొప్పితో ఉండాలి అని పెద్దాసుపత్రిలో చెప్పి, మసాకా పట్నంలో నొప్పికి మందిచ్చేవాళ్ళకి ఒక ఉత్తరం రాసి పంపారు. నేను ఆవిడ కూతుర్ని, పెర్పెతువాని. మొగుణ్ణి వదిలేసి, కుట్టుమిషను నెత్తిన పెట్టుకుని పుట్టింటికి వచ్చి ఎనిమిదేళ్ళు. మా ఇద్దరికీ నోరెక్కువ. అందుకే బాగా పొసిగింది.

నొప్పి మందుల సంగతి ఎవరైనా మా అమ్మని అడిగి తెలుసుకోవాల్సిందే. ఆవిడ చిన్నప్పుడు ఇంట్లో నడుం పట్టేస్తే చేదాకు నూరి పట్టు వేసేవాళ్ళు, లేకపోతే బ్లేడుతో నాలుగు గాట్లు పెట్టి కొమ్ముతో చెడ్డ రక్తం లాగేసేవాళ్ళు. తరవాత చర్చి ఆసుపత్రిలో తెల్లదొరసాని సన్యాసినులు పొట్లం కట్టి తెల్లపొడి ఇచ్చేవారు. నాలిక మీద వేసుకుంటే పుల్లగా ఉండేదట. మిలటరీ రోజుల్లో ఏ కొట్లోనూ ఏదీ దొరకలేదు, ఒక్క బిళ్ళని నాలుగు ముక్కలు చేసి నాలుగిళ్ళవాళ్ళు పంచుకున్నారు. ఇప్పుడు సెకిట్టో కొట్లో అన్ని రంగుల బిళ్ళలూ ఉన్నాయి. ఏది దేనికో అతనికీ తెలీదు. తలకి ఎర్రది, నడుముకి పసుపుది, తగ్గకపోతే రెండూ కలిపి. మా అమ్మ ఆ ఏడాదిలో ఇంద్రధనుస్సంతా మింగేసింది. కడుపులో మంట వచ్చిందే గానీ వెన్ను జోలికి ఏదీ పోలేదు.

ఆయుగి పొడుగ్గా, సన్నగా ఉండేది. పాతికేళ్ళు దాటి ఉండవు. ఉత్తరాదిది. మా భాష బాగానే మాట్లాడేది గానీ, ఒక్కో మాటా ఇస్త్రీ చేసి మడత పెట్టినట్టు విడివిడిగా పలికేది. సంచిలోంచి పాత మంచినీళ్ళ సీసా ఒకటి తీసి బల్ల మీద పెట్టింది. అందులో ఆకుపచ్చటి నీళ్ళు.

"ఇదేంటి, షర్బత్తా?" అంది అమ్మ.

"మందు జజ్జా," అంది ఆయుగి. మా వైపు ముసలమ్మలందరినీ అలాగే పిలుస్తారు. "గసగసాల కాయ గాటు పెడితే పాలు కారతాయి. ఆ పాలలోంచి తీసింది. జర్మనీలో మందుల కొట్లో పనిచేసే ఒకతను రెండొందలేళ్ళ కిందట కనిపెట్టాడు. ముందు కుక్కలకి పెట్టాడు. తరవాత తను తాగి, స్నేహితుల చేత కూడా తాగించాడు."

"బతికారా?"

"బతికారు. మోతాదు తెలీక కాస్త ఎక్కువ తాగేశారంతే."

"వాడికి తల్లి లేదా, కర్ర పుచ్చుకోడానికి?"

ఆయుగి పకపకా నవ్వింది. అమ్మ కూడా నవ్వింది. ఇద్దరికీ జత కుదిరిందని నేను టీ పెట్టడానికి లేచాను. అంతలో ఆ పిల్ల అమ్మకి ఎదురుగా జరిగి కూర్చుంది.

"ఇప్పుడు నొప్పి ఎంతుందో చేత్తో చూపించాలి జజ్జా. పిడికిలంటే అస్సలు లేదని. ఒక వేలంటే కొంచెం. అయిదు వేళ్ళూ చాపితే ఇంక నా వల్ల కాదని. ఇలాగ." అంటూ అరచెయ్యి బార్లా చాపి అమ్మ మొహం ముందు పెట్టింది.

అమ్మ నవ్వు ఆగిపోయింది. గోడ మీది కాయితం నడిచొచ్చి తన ఇంట్లో కూర్చున్నట్టు ఆ చేతివంక చూసింది. తరవాత పళ్ళు బిగించి, పిడికిలి బిగించి ముందుకి చాపింది.

"అస్సలు లేదా?" అంది ఆయుగి.

"దేవుడి దయవల్ల అంతా బావుంది. నువ్వెలా ఉన్నావు? మీ అమ్మా నాన్నా కులాసాయా? మీ పక్క వానలు పడ్డాయా?"

పలకరింపులకి మావాళ్ళ జవాబు ఎప్పుడూ బావున్నామనే. ఇల్లు తగలబడుతున్నా ముందు బావున్నామని చెప్పి, ఆ తరవాత నీళ్ళు అడుగుతాం. కొత్త నర్సుకి అంత తెలీదు. పుస్తకంలో సున్నా రాసుకుంది. పెద్దాసుపత్రి ఉత్తరం ఉంది కాబట్టి, నాలుగ్గంటలకోసారి ఒక చిన్న చెంచా చొప్పున అన్నిటికన్నా తక్కువ మోతాదు చెప్పి, మలబద్ధకం రాకుండా బొప్పాయి గింజలు ఎండబెట్టి పొడి చేసుకోమంది. వీధి మలుపు తిరిగే దాకా అమ్మ నిటారుగా కూర్చునే ఉంది. తరవాత మంచం మీద వాలిపోయి దుప్పటి అంచు కొరికింది.

"ఏంటమ్మా ఇది? నొప్పి లేదని ఎందుకు చెప్పావు?"

"ఏ ఊరిదే ఆ పిల్ల?"

"లిరా వైపుదట."

"అదీ సంగతి! ఆ చెయ్యి పార్టీ వాళ్ళ సొంతూరు. ఊరూరా సీసాలిచ్చి ఆడపిల్లల్ని పంపుతున్నారు. నొప్పితో చచ్చేవాళ్ళ చేత చేతులు ఎత్తించుకుంటున్నారు."

"నీ మొహం! అది నొప్పి కొలవడానికమ్మా."

"కొలవడానికి దానికి చెయ్యే దొరికిందా? కొలిచేందుకు లోకంలో ఇంకేమీ లేవా?"

నాకు నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. కారణం నాకు తెలుసు. ఆ పార్టీ రాజ్యం చేసిన రోజుల్లో, తను అల్లిన చాపల కట్ట నెత్తిన పెట్టుకుని సంతకి వెళుతుంటే, దారికి అడ్డంగా కర్ర పెట్టుకుని నిలబడ్డ ఒక తాగుబోతు సైనికుడు ఆవిణ్ణి ఆపాడు. తమ పార్టీ గుర్తుగా అరచెయ్యి ఎత్తి చూపించి వెళ్ళమన్నాడు. రెండు చేతులూ కట్ట పట్టుకోడానికే సరిపోయాయి నాయనా అంది. వాడు కట్టని బురదలోకి తోసి, ఆర్నెల్ల పనిని బూట్లతో తొక్కాడు. ఆ రోజు నించి మా అమ్మ ఎవరి ముందూ అరచెయ్యి ఎత్తలేదు. బస్సెక్కిన చుట్టాలకి పిడికిలే ఊపుతుంది. కొత్తవాళ్ళు కొట్టడానికొస్తోందేమో అని జడుసుకుంటారు. సంతలో అయిదు కావాలంటే నాలుగు వేళ్ళు చూపించి, "ఇంకోటి" అంటుంది.

"నేను చెప్తాలే ఆ పిల్లకి," అన్నాను.

"చెప్పావంటే నీ చేతి నీళ్ళు ముట్టను."

నేను నలభయ్యేళ్ళ దాన్ని. అయినా ఆ మాటకి నోరు మూసుకున్నాను. ఆ తెలివితక్కువ పని గురించి ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

రెండు వారాలకి ఆయుగి మళ్ళీ వచ్చింది. ఆ పూట అమ్మ తెల్లారకుండా నీళ్ళు పోసుకుని, పండక్కి కట్టే గోమెసి, బుట్టచేతుల పొడుగు గౌను, తొడిగించుకుని, ఆ పాడు నడుముకే బారెడు పట్టు గుడ్డ బిగించి కట్టించుకుంది. ముడి వేస్తుంటే ఆవిడ వీపు వణకడం నా వేళ్ళకి తెలుస్తోంది. అతిథి ముందు పడుకుని మాట్లాడడం ఆవిడ వంశంలో లేదట. మళ్ళీ పిడికిలే చూపించింది. నర్సు సంబరపడి, మందు బాగా పట్టింది, ఇదే మోతాదు కానివ్వండి, ఏమైనా ఉంటే ఫోన్ చెయ్యండి అంది. విరేచనం సాఫీగా అవుతోందా అని కూడా అడిగింది.

"చూశావా," అంది అమ్మ, ఆ పిల్ల వెళ్ళాక. "చెయ్యి ఎత్తించడం అవలేదని ఇప్పుడు దొడ్లోకి కూడా వస్తోంది."

క్రిస్మస్‌కి చర్చిలో పూజకి వెళ్ళలేకపోయింది. జనవరి వచ్చేసరికి కూర్చోవడం మానేసింది. ఎప్పుడూ ఒళ్ళో ఉండే చాప అల్లిక మూలనే ఉండేది, ఎప్పుడైనా పడుకునే నాలుగాకులు అల్లేది. ఓటరు కార్డు మాత్రం దిండు కింద ఉండేది. రోజుకోసారి తీసి చూసుకునేది. "ఇరవయ్యేళ్ళకి మా పార్టీ గుర్తు కనపడింది. పాక్కుంటూనైనా వెళ్ళి నా ఓటు నేనే వేస్తా," అనేది. పక్క మీద అటు నించి ఇటు తిరగడానికే నా భుజం కావాల్సివస్తుంటే, ఓట్లు వేసే బడి దాకా ఎలా పాకుతుందో నాకు అర్థం కాలేదు.

ఆ నెలలో ఒకసారి వరసగా మూడు రోజులు నన్ను ఒక్క తిట్టు కూడా తిట్టలేదు. పులుసులో ఉప్పెక్కువైనా కిక్కురుమనలేదు. అప్పుడు నాకు నిజంగా భయమేసింది. నీళ్ళు ముట్టకపోతే పోయింది, మనిషి దక్కితే చాలనుకుని సెకిట్టో కొట్టుకి పరిగెత్తి ఫోన్ చేశాను.

మర్నాడు పొద్దున ఆయుగి కోసం వీధి మలుపు దగ్గరే కాపు కాశాను. బండి ఆపించి, పిడికిలి కథంతా ఉన్నదున్నట్టు చెప్పేశాను. గోడ మీది చెయ్యి, బురదలో చాపలు, బస్సులకి పిడికిలి ఊపడం, అన్నీ. ఆ పిల్ల హ్యాండిలు మీద తల వాల్చి కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా నవ్వింది. తరవాత నవ్వడం ఆపేసింది.

"మా నాన్న బడిపంతులక్కా," అంది. "ఆ ప్రభుత్వం పడిపోయాక మా ఊరికి వేరే సైనికులొచ్చారు. ఎవరినో పలకరిస్తూ చెయ్యి ఎత్తాడు నాన్న. నువ్వు ఆ పార్టీ వాడివేగా అని వేళ్ళు విరగ్గొట్టారు. ఇప్పటికీ మబ్బు పడితే చాలు, సలుపుతాయి. క్లాసులో ఏ పిల్లాడైనా జవాబు తెలిసి చెయ్యి ఎత్తితే, దించరా, నోటితో చెప్పరా అనేవాడు. అందుకే నేనీ నొప్పి చదువులో చేరాను. చేరి ఏం లాభం? సున్నా అని రాసుకుపోయాను."

ఆ పిల్ల చెయ్యి పట్టుకుని ఇంట్లోకి తీసుకొచ్చాను.

అమ్మ గోమెసి కట్టుకునే ఓపిక లేక, పడుకునే పాత గౌనులోనే ఉంది. నర్సుని చూసి దుప్పటి మెడదాకా లాక్కుంది. ఆయుగి మావాళ్ళ పద్ధతిలో నేల మీద మోకరిల్లి దణ్ణం పెట్టింది. చేతులు రెండూ ఒళ్ళో ముడుచుకుంది.

"జజ్జా, నేను ఓట్లకి రాలేదు. నా ఓటు లిరాలో ఉంది. నేనే వెళ్ళడం లేదు."

అమ్మ నా వంక చూసింది. "ఊరందరి బట్టలూ కుడతావు గానీ నీ నోరు కుట్టుకోలేకపోయావు కదే."

"అక్కని ఏమీ అనకండి. మీ ఇంట్లో చెయ్యి ఎత్తమని ఇంకెప్పుడూ అడగను. కానీ ఎంత నొప్పో తెలీకుండా ఎంత మందు పొయ్యను? ఆ జర్మనీ అతన్లాగా తోచినంత పోసెయ్యలేను కదా. దేంతో కొలుద్దామో మీరే చెప్పండి."

బయట ప్రచారం లారీ ఒకటి పాటలు పెట్టుకుని వెళ్ళింది. ఆ మోత దూరమయ్యాక, "ఆ మూలది ఇలా తే," అంది నాతో.

ఊదారంగు, ఎరుపు వేసిన ఈతాకు అల్లిక తెచ్చి పక్క మీద పెట్టాను. మా దగ్గర చాప ఒక్కసారే నెయ్యరు. జడలాగా పొడుగ్గా అల్లుకుంటూ పోయి, తరవాత ఆ జడల్ని పక్కపక్కన పెట్టి కుడతారు.

"ఒంట్లో బావున్న రోజుల్లో పొద్దున్నించి సాయంత్రానికి పన్నెండు మూరలు అల్లేదాన్ని," అంది అమ్మ. "ఇది పుట్టిన రోజున కూడా ఆరు మూరలు అల్లాను. దీన్ని అడుగు."

"నాకేం గుర్తుంటుందమ్మా, నేను పుడుతున్నా కదా!"

"చూశావా, ఇలా ఎదురు చెప్తుంది. సరే, కిందటి ఆదివారం ఈ ఎర్ర ఆకు దగ్గర ఆపాను. అక్కణ్ణించి ఈ వారమంతా కలిపి ఎంతో చూడు." మోచెయ్యి ఆ ఎర్ర ఆకు దగ్గర ఆనించి, మూర కొలవడానికి చెయ్యి అల్లిక మీదుగా బారజాపింది. అయిదు వేళ్ళూ విచ్చుకున్నాయి. అల్లిక ఆవిడ మణికట్టు దాకానే వచ్చి ఆగిపోయింది. "మూరక్కూడా చాల్లేదు. వారానికి ఇదమ్మా నా నొప్పి."

ఆ చాపిన చేతివంక నేను చూశాను, ఆయుగి చూసింది. ఆ పిల్ల తలొంచుకుని పుస్తకంలో రాసుకుంది: 'వారానికి ముప్పాతిక మూర'.

చిన్న చెంచా పెద్ద చెంచా అయింది. నాలుగో రోజుకి ఒకటిన్నర. ఆయుగి రోజూ మసాకా నించి సెకిట్టో కొట్టుకి ఫోన్ చేసేది. సెకిట్టో రోడ్డుకి అవతల నించి కేక పెట్టేవాడు.

"పెర్పెతువా! నర్సు అడుగుతోంది, ఎన్ని మూరలూ?"

"రెండున్నరా!"

"అంతేనా?"

"నువ్వొచ్చి అల్లు!"

నర్సు పెళ్ళికి చాప చేయించుకుంటోంది కాబోలు అనుకుని, ఊళ్ళోవాళ్ళు పెళ్ళికొడుకెవరని ఆరా తియ్యడం మొదలెట్టారు. మూడు మూరలైన రోజున కొట్టు ముందు కూర్చున్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. సెకిట్టోకి మాత్రం తన రంగుల బిళ్ళలు మూలపడ్డాయని లోపల బాధ. ఒకరోజు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఆ ఆకుపచ్చ నీళ్ళు తాగితే అలవాటైపోతుందట కదా గౌదెన్సియమ్మా?"

"డెబ్బై రెండేళ్ళ నించి అరటికాయ ముద్ద తింటున్నాను, అది అలవాటు కాలేదా? దాన్ని మానమని నువ్వెప్పుడూ చెప్పలేదే!"

నొప్పి పోలేదు. ఆవిడ ఉన్నన్నాళ్ళూ ఉంది. కాకపోతే అద్దెకున్న మనిషిలాగా ఒక గదిలో ఉండేది, మందు దాన్ని ఇల్లంతా తిరగనిచ్చేది కాదు. అమ్మ కూర్చోగలిగింది, తినగలిగింది, గుర్రు పెట్టి మరీ నిద్రపోయింది. రెండో వారంలో ఒక మధ్యాహ్నం నేను కుడుతున్న జాకెట్టు లాక్కుని, ఎండలోకి పట్టి చూసి, "ఈ చంక కింద కుట్టు ఎవరు వేశారే, మేకా?" అంది. నేను మిషను ఆపి, చక్రం మీద తల పెట్టుకుని ఏడ్చాను. అంత సంతోషం నాకు పెళ్ళిలో కూడా కలగలేదు.

ఫిబ్రవరి ఆఖర్న ఓట్లు. వానల్లేక దారంతా ఎర్రదుమ్ము. పట్టు గుడ్డ ఈసారి నేను వదులుగా కట్టాను. ఆకుపచ్చ సీసా, చెంచా సంచిలో వేసుకుని, చేతికర్రతో అమ్మని నడిపించుకుంటూ తొమ్మిదింటికల్లా బడి దగ్గరికి చేరాను. మూడుచోట్ల ఆగాం, దారిలో కనిపించిన ప్రతి ఇంటినీ పలకరించాం. అప్పటికే వరస గేటు దాటి రోడ్డు మీదికొచ్చింది.

కాసేపటికి ఆయుగి బండి వచ్చి ఆగింది. పక్క ఊరికి పోతూ మమ్మల్ని చూసిందట. వరసలో నిలబడ్డ అమ్మని చూసి, బండి స్టాండు కూడా సరిగ్గా వెయ్యకుండా లోపలికి పరిగెత్తింది. అధికారిని ఎలా ఒప్పించిందో గానీ నవ్వుకుంటూ తిరిగొచ్చింది.

"పెద్దవాళ్ళకీ, జబ్బుగా ఉన్నవాళ్ళకీ వరస అక్కర్లేదట జజ్జా! అడిగొచ్చాను. రండి, నేరుగా లోపలికే."

"నువ్వు బంగారు తల్లివి," అంది అమ్మ. "నీ పని మీద నువ్వెళ్ళు."

"ముందు యాభై మంది ఉన్నారు. అంతసేపు నిలబడతారా?"

"నిలబడ్డానికేగా వచ్చింది."

ఆయుగి నా వంక చూసింది. ఆవిడ సంగతి నీకూ తెలుసుగా అన్నట్టు నేను భుజాలెగరేశాను. ఆ పిల్ల వెళ్ళాక అమ్మ వెనక్కి తిరిగి చూసింది. మా వెనక నిండు గర్భిణి ఒకామె ఉంది. నువ్వు ముందుకెళ్ళమ్మా అని పంపించింది. ఆమె వెనక ఇటుకలబట్టీ మనిషి, పనికి ఆలస్యమవుతోందన్నాడు. అతన్నీ పంపించింది. తరవాత ఇద్దరు అప్పచెల్లెళ్ళు, వాళ్ళకి ఆలస్యం లేదు, గర్భమూ లేదు. అయినా పంపించింది. ప్రతివాళ్ళనీ పిల్లా జెల్లా ఎలా ఉన్నారని అడిగింది, ప్రతివాళ్ళ చేతా అడిగించుకుంది, ప్రతివాళ్ళకీ బావున్నానని చెప్పింది. ఎండ నడినెత్తి దాటేసరికి మా వెనకున్న పదకొండు మంది మా ముందుకొచ్చారు.

"ఏంటమ్మా ఇది? అసలు ఓటు వేస్తావా వెయ్యవా?"

"ఎందుకు వెయ్యను? అయిదింటి దాకా తీసే ఉంచుతారట." కర్ర ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. "నలుగురిలో నా కాళ్ళ మీద నేనిలా నిలబడి ఎన్నాళ్ళయిందో నీకు తెలీదా? ఇంకాసేపు నిలబడనీవే."

రెండైంది. నేను సంచిలోంచి సీసా తీసి మోతాదు చెంచాలో పోశాను. అమ్మ వరసలోనే నిలబడి తాగింది. మూతి తుడుచుకుని, పక్కకి జరిగి, వెనకాయనకి దారి ఇచ్చింది.